నాలుగు వందల ఏళ్ల గ్రంథాలయం చరిత్ర ఎలా చదవాలి? ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్‌తో మొదలుపెడదాం

పాత గ్రంథాలయం చరిత్ర చదువుదామని కూర్చుంటే ముందుగా ఎదురయ్యేవి మూడు: స్థాపకుడి మీద పొగడ్తలు, భవనం ఫొటో, ఎన్ని లక్షల పుస్తకాలున్నాయో చెప్పే లెక్క. పావుగంటలో ఆసక్తి చచ్చిపోతుంది. నాకూ మొదట అంతే అయింది. ఆ తర్వాత ఒకే ఒక్క పుస్తకం వెంట పడ్డాను. అది ఏ ఏడాది వచ్చింది, ఎవరు బైండు చేశారు, ఏ అరలో పెట్టారు, ఎందుకు అమ్మేశారు, దాదాపు రెండున్నర శతాబ్దాల తర్వాత ఎలా తిరిగొచ్చింది అని వెతుక్కుంటూ పోతే గ్రంథాలయం మొత్తం గది తర్వాత గదిగా తెరుచుకుంది.

ఆ దారి మీకూ చూపించాలని ఇది రాస్తున్నాను. మీరు చరిత్ర విద్యార్థులు కానక్కర్లేదు, లాటిన్ రానక్కర్లేదు. ఇంటర్నెట్, ఒక నోట్‌బుక్, వారానికి రెండు మూడు సాయంత్రాలు ఉంటే చాలు.

ముందు ఒక్క గ్రంథాలయాన్ని పట్టుకోండి

యూరప్‌లో 16, 17 శతాబ్దాల యూనివర్సిటీ గ్రంథాలయాలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ మనసులో నిలవదు. నా సలహా ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్. పేరు పెద్దదని కాదు, కాగితాలు బాగా మిగిలాయని. స్థాపకుడు తన లైబ్రేరియన్‌కు రాసిన ఉత్తరాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. దాతల రిజిస్టర్ ఉంది, నియమావళి ఉంది, అచ్చు వేసిన కేటలాగులు ఉన్నాయి. అన్నిటికీ మించి ఆ గదులే ఇంకా నిలబడి ఉన్నాయి. ఒక కాగితం చెప్పిన మాట నిజమో కాదో ఇంకో కాగితంతో సరిచూసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

ఖాళీ గదితో మొదలుపెట్టండి

అందరూ 1602లో ప్రారంభోత్సవంతో మొదలుపెడతారు. మీరు అంతకు ముందుకు వెళ్లండి. కొత్త గ్రంథాలయం ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే పాతది ఎలా పోయిందో ముందు తెలియాలి.

1439 నుంచి 1444 మధ్య గ్లోస్టర్ డ్యూక్ హంఫ్రీ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి 281కి పైగా చేతిరాత పుస్తకాలు ఇచ్చాడు. ఇతను ఐదవ హెన్రీ రాజుకు తమ్ముడు. అప్పటిదాకా యూనివర్సిటీకి ఉన్న కొద్దిపాటి పుస్తకాలతో పోలిస్తే అది ఉప్పెనే. పెట్టడానికి చోటు లేక, అప్పటికే కడుతున్న డివినిటీ స్కూల్ (దైవశాస్త్ర పాఠాలు చెప్పే భవనం) మీద పై అంతస్తుగా ఒక గది కట్టడం మొదలుపెట్టారు. అది 1488లో గానీ తెరుచుకోలేదు. దానం వచ్చాక నలభై ఏళ్లకు పైగా!

ఆ తర్వాత వచ్చింది దెబ్బ. ఆరవ ఎడ్వర్డ్ కాలంలో, 1550 ప్రాంతంలో, కాథలిక్ ఆనవాళ్లు తుడిచేయాలని రాజు పంపిన అధికారులు గ్రంథాలయం మీద పడ్డారు. కొన్ని పుస్తకాలు కాల్చేశారు, కొన్ని అమ్మేశారు. తోలు కాగితం బైండింగుకు పనికొస్తుంది కాబట్టి కొనేవాళ్లకు లోటు లేదు. 1556లో యూనివర్సిటీ చదువుకునే బల్లల్ని కూడా అమ్మేయాలని నిర్ణయించింది. ఇక్కడ కాసేపు ఆగండి. పుస్తకాలు పోతే మళ్లీ వస్తాయన్న ఆశ ఉంటుంది. బల్లలు కూడా అమ్మేశారంటే ఆ ఆశ కూడా వదిలేసుకున్నారన్నమాట. హంఫ్రీ ఇచ్చిన వాటిలో ఆ తర్వాత తిరిగి ఆ గూటికి చేరినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

మీ నోట్‌బుక్‌లో మొదటి పేజీకి "ఏం పోయింది" అని పేరు పెట్టుకోండి. ఏ గ్రంథాలయం తీసుకున్నా ఈ పేజీ ఖాళీగా ఉండదు.

డబ్బు ఎక్కడిది? పుస్తకాలు ఎక్కడివి?

థామస్ బోడ్లీ 1545లో ఎక్సెటర్‌లో పుట్టాడు. ప్రొటెస్టెంట్ కుటుంబం. కాథలిక్ అయిన మేరీ రాణి కాలంలో దేశం వదిలి జెనీవా వెళ్లిపోయారు. అక్కడే పిల్లాడికి గ్రీకు, హీబ్రూ వంటబట్టాయి. తర్వాత ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీలో పాఠాలు చెప్పాడు, హేగ్‌లో ఎలిజబెత్ రాణి దూతగా ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆ రాజకీయాలతో విసిగిపోయి, ఇక నా చేతికర్ర ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయం గుమ్మం దగ్గరే పాతుకుంటానన్న అర్థం వచ్చేలా తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1598 ఫిబ్రవరి 23న వైస్ ఛాన్సలర్‌కు ఉత్తరం రాసి, ఖాళీగా పడి ఉన్న ఆ గదిని తన ఖర్చుతో బాగుచేస్తానన్నాడు.

ఇక డబ్బు సంగతి. బోడ్లీ పెళ్లాడిన ఆన్ బాల్ డబ్బున్న వితంతువు. ఆమె మొదటి భర్త డెవన్ తీరంలో పిల్చర్డ్ అనే చిన్న చేపల వ్యాపారం చేసి బాగా సంపాదించాడు. అంటే గ్రంథాలయంలోని ఆ గంభీరమైన దైవశాస్త్ర గ్రంథాల వెనక చేపల బుట్టలున్నాయి. ఈ వివరం నాకు ఎంతో ఇష్టం. విద్యకు పెట్టిన డబ్బు ఎవరి చెమటో తెలిస్తే ఆ భవనం మీద గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. బోడ్లీ ఇంకో మంచి పని చేశాడు. చేతిలో ఉన్న డబ్బు ఇచ్చేసి ఊరుకోకుండా, ఏటా రాబడి వచ్చేలా లండన్‌లో ఇళ్లు, మెయిడెన్‌హెడ్ దగ్గర పొలం గ్రంథాలయం పేరున రాసిచ్చాడు. పాత గ్రంథాలయం అలాగే సాగకపోవడానికి కారణం ఏటా వచ్చే రాబడి లేకపోవడమేనని ఆయనకు బాగా తెలుసు.

ఇప్పుడు పుస్తకాలు. దీనికి దాతల రిజిస్టర్ చూడాలి. బోడ్లీ తోలు కాగితాలతో పెద్ద పుస్తకం ఒకటి తయారు చేయించి, ఎవరు ఎంత ఇచ్చారో, ఆ డబ్బుతో ఏ పుస్తకాలు కొన్నారో అందులో రాయించి, వచ్చినవాళ్ల కంట పడేలా పెట్టించాడు. మన గుళ్లలో దాతల పేర్లు చెక్కిన రాళ్లు చూశాం కదా, అదే పని. పక్కవాడి పేరు చూసి ఇంకొకడు ఇస్తాడు.

కానీ ఈ రిజిస్టర్‌ను చదివేటప్పుడు ప్రతి పేరు పక్కనా ఒక ప్రశ్న వేసుకోండి: ఇచ్చినవాడికి ఇది ఎలా వచ్చింది? ఉదాహరణకు 1600లో ఎసెక్స్ ప్రభువు ఇచ్చిన పుస్తకాలున్నాయి. అవి ఆయన కొన్నవి కావు. 1596లో ఇంగ్లిష్ నౌకలు పోర్చుగల్‌లోని ఫారో పట్టణం మీద పడి దోచుకున్నప్పుడు అక్కడి బిషప్ ఇంట్లోంచి ఎత్తుకొచ్చినవి. 1630ల్లో ఆర్చ్‌బిషప్ విలియం లాడ్ ఇచ్చిన చేతిరాత ప్రతుల్లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నుంచి వచ్చినవి ఉన్నాయి. ముప్పై ఏళ్ల యుద్ధంలో 1631లో స్వీడన్ సైన్యం ఆ ఊరిని పట్టుకుంది. రిజిస్టర్‌లో "దానం" అనే ఒక్క మాట ఉంటుంది. దాని వెనక ఓడలు, సైన్యాలు, ఇంకో ఊళ్లో ఖాళీ అయిన అలమరాలు ఉంటాయి. ఈ లాడ్ సేకరణలోనే మన దేశపు రాగమాల చిత్రాల ఆల్బమ్ కూడా ఒకటి 1640లో ఆక్స్‌ఫర్డ్ చేరింది.

అన్నీ ఇలా వచ్చినవే అనుకోవద్దు. కొన్నవే ఎక్కువ. లండన్ పుస్తకాల వ్యాపారి జాన్ నార్టన్, ఆయన దగ్గర పనిచేసిన జాన్ బిల్ బోడ్లీ తరఫున కొనేవాళ్లు. బిల్ ఇటలీ, పారిస్, ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంత తిరిగి కొనుక్కొచ్చాడు.

తేదీలు, ఊళ్ల పేర్లు: ఇక్కడే అందరూ కాలు జారేది

ముందుకెళ్లే ముందు మూడు జాగ్రత్తలు. వీటికి ఒక సాయంత్రం కేటాయించండి, తర్వాత ఎంతో టెన్షన్ తప్పుతుంది.

మొదటిది సంవత్సరం. ఇంగ్లండ్‌లో 1752 దాకా అధికారిక కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి బోడ్లీ ఉత్తరం మీద 1597 ఫిబ్రవరి 23 అని ఉంటుంది, మన లెక్కలో అది 1598. జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడు వారాల తేదీలు కనిపిస్తే వెంటనే నోట్‌బుక్‌లో రెండు సంవత్సరాలూ వేసుకోండి. హాలండ్ కాగితాలతో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు: అక్కడ కొత్త క్యాలెండర్ 1583లోనే వచ్చింది, 17వ శతాబ్దమంతా ఇంగ్లండ్ పది రోజులు వెనక ఉండేది.

రెండోది ఊళ్ల పేర్లు. పుస్తకాల మీద అచ్చయిన ఊరు లాటిన్‌లో ఉంటుంది. ఆక్సోనియా అంటే ఆక్స్‌ఫర్డ్, తేలికే. కానీ లుగ్డునుమ్ అంటే ఫ్రాన్స్‌లోని లియాన్, లుగ్డునుమ్ బటావోరుమ్ అంటే హాలండ్‌లోని లైడెన్. రెండో మాట చూడకుండా రాసేస్తే పుస్తకం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎగిరిపోతుంది.

మూడోది డబ్బు. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. మన పెద్దవాళ్లు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు లెక్కపెట్టినట్టే అనుకోండి. ఆ రోజుల పౌండును ఈనాటి రూపాయల్లోకి మార్చే ప్రయత్నం మాత్రం చేయకండి, ఏ లెక్కా సరిగా రాదు. అదే కాలంలో ఇంకో వస్తువు ధర ఎంతో చూసి పోల్చుకోండి.

కేటలాగును పుస్తకంలా చదవండి

కేటలాగ్ అంటే వెతుక్కోవడానికి మాత్రమే అనుకుంటాం. ఒకసారి దాన్ని మొదటి పేజీ నుంచి నవల చదివినట్టు తిరగేయండి. ఆ కాలపు బుర్ర ఎలా పనిచేసిందో తెలుస్తుంది.

గ్రంథాలయం 1602 నవంబర్ 8న సుమారు రెండు వేల పుస్తకాలతో తెరుచుకుంది. మొదటి లైబ్రేరియన్ థామస్ జేమ్స్. లైబ్రేరియన్ పెళ్లి చేసుకోకూడదని బోడ్లీ పట్టుబట్టాడు. చేసుకుంటానని జేమ్స్ అంతకంటే గట్టిగా పట్టుబట్టి చేసుకున్నాడు. చివరికి బోడ్లీయే తగ్గాడు. జేమ్స్ పని చూస్తే ఎందుకు తగ్గాడో అర్థమవుతుంది. 1605లోనే ఆయన కేటలాగును అచ్చు వేయించాడు.

ఆ కేటలాగులో పుస్తకాలు నాలుగు భాగాలు: దైవశాస్త్రం, న్యాయశాస్త్రం, వైద్యం, కళలు. యూనివర్సిటీలో చెప్పే చదువుల వరసే అది. మొదట దైవశాస్త్రం, అన్నిటికంటే పెద్దది కూడా అదే. చరిత్ర, కవిత్వం, గణితం, భూగోళం ఇలా ఇంకెక్కడా పట్టనివన్నీ "కళలు" గదిలోకే. ఒక్కో భాగంలో రచయితల పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి. అరల మీద కూడా అదే వరస, అంటే ఈ కేటలాగ్ చదువుతుంటే మీరు ఆ గదిలో అరల మధ్య నడుస్తున్నట్టే.

పుస్తకం నంబర్ ఎలా చదవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. షేక్‌స్పియర్ నాటకాల 1623 సంపుటానికి ఇచ్చిన నంబర్ "ఎస్ 2.17 ఆర్ట్". చివర ఉన్న "ఆర్ట్" అంటే కళల విభాగం. "ఎస్" రచయిత ఇంటిపేరు మొదటి అక్షరం. మిగిలిన అంకెలు అర దగ్గరికి, అరలో దాని చోటు దగ్గరికి తీసుకెళ్తాయి. ఇంతే. దీన్ని పట్టుకుంటే పుస్తకం గదిలో ఎక్కడ నిలబడి ఉండేదో ఊహించగలం.

తర్వాత 1620 కేటలాగ్ తీసి పక్కన పెట్టండి. సంగ్రహం సుమారు 16,000కు చేరింది, నాలుగు భాగాల పద్ధతి పోయి అందరు రచయితలూ ఒకే అక్షర క్రమంలోకి వచ్చారు. ఎందుకు మారింది? పుస్తకాలు పెరిగాక, ఫలానా ఆయన రాసింది న్యాయంలో ఉందా కళల్లో ఉందా అని తడుముకోవడం కష్టమైంది. మనం ఇప్పుడు సహజం అనుకునే పద్ధతి అలా అవసరంలోంచి పుట్టింది. ఆ తర్వాత 1674లో అప్పటి లైబ్రేరియన్ థామస్ హైడ్ వేసిన కేటలాగు ఎంత ఉపయోగపడిందంటే, తత్వవేత్త జాన్ లాక్ దాని పేజీల మధ్య తెల్లకాగితాలు కుట్టించుకుని తన సొంత పుస్తకాల జాబితాగా వాడుకున్నాడు.

గొలుసు, కిటికీ, మెట్లు

ఇప్పుడు వస్తువుల వైపు రండి. పెద్ద పుస్తకాలకు ఇనుప గొలుసులు ఉండేవి. గొలుసు ఎక్కడ తగిలించేవారో గమనించండి: అట్ట ముందు అంచుకు. గొలుసు అరకు అడ్డంగా ఉన్న కడ్డీకి వెళ్తుంది. పుస్తకం తీసి బల్ల మీద పెట్టినప్పుడు చుట్టుకోకుండా ఉండాలంటే ముందు అంచు బయటికి, వీపు లోపలికి ఉండేలా నిలబెట్టాలి. అంటే ఈరోజు మనం అరలో చూసే పేర్లున్న వీపులు అప్పటి పాఠకుడికి కనిపించేవే కావు. కనిపించేవి కాగితాల అంచులు మాత్రమే. మరి పుస్తకం ఎలా దొరుకుతుంది? ప్రతి అలమర చివర ఆ అలమరలోని పుస్తకాల జాబితా ఫ్రేములో పెట్టి ఉండేది. నంబర్ చూసుకుని లెక్కపెట్టి తీసుకోవాలి. కేటలాగ్ అంత జాగ్రత్తగా ఎందుకు చేశారో ఇక్కడ అర్థమవుతుంది.

అలమరాలు రెండు కిటికీల మధ్య ఎందుకున్నాయి? గదిలో దీపం వెలిగించకూడదు కాబట్టి. వెలుతురంతా కిటికీలోంచే. పనివేళలు కూడా సూర్యుడిని బట్టే: ఉదయం 8 నుంచి 11, మధ్యాహ్నం వేసవిలో 2 నుంచి 5, చలికాలంలో 1 నుంచి 4. 1845 దాకా గది వెచ్చబెట్టే ఏర్పాటే లేదు. జనవరిలో ఆక్స్‌ఫర్డ్ చలిలో వేళ్లు కొంకర్లు పోతుంటే గొలుసు పుస్తకం మీద వంగి కూర్చున్న మనిషిని ఊహించుకోండి.

1610లో బోడ్లీ లండన్ స్టేషనర్స్ కంపెనీతో, అంటే అచ్చువేసేవాళ్ల, పుస్తకాల వ్యాపారుల సంఘంతో, ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సభ్యులు అచ్చువేసే ప్రతి కొత్త పుస్తకంలో ఒక ప్రతి బోడ్లియన్‌కు రావాలి. అదే ఏడాది తూర్పు వైపు ఆర్ట్స్ ఎండ్ అనే కొత్త భాగం కట్టడం మొదలుపెట్టి 1612కు పూర్తిచేశారు. ఈ రెండు తేదీలూ నోట్‌బుక్‌లో పక్కపక్కన రాయండి. ఆర్ట్స్ ఎండ్‌లో అలమరాలు గోడకు ఆనించి పైదాకా ఉంటాయి. పెద్ద పుస్తకాలు కింద గొలుసులతో, చిన్నవి పైన గ్యాలరీలో. చిన్న పుస్తకం అంగీలోకి దూర్చుకుపోవడం తేలిక. అందుకే వాటికి గొలుసు బదులు తాళం, మెట్లు, లైబ్రేరియన్ చెయ్యి. తర్వాత 1634 నుంచి పడమటి వైపు ఇంకో భాగం కట్టారు. న్యాయవాది జాన్ సెల్డెన్ చనిపోయాక 1659లో ఆయన పుస్తకాలు సుమారు 8,000 అక్కడికి చేరడంతో సెల్డెన్ ఎండ్ అయింది. పైనుంచి చూస్తే మూడు గదులూ కలిసి ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి.

ఎవరికి కాదన్నారో చూడండి

నియమావళి చదివేటప్పుడు ఏది రాశారో చూడటం కంటే ఏది అమలు చేశారో చూడటం ముఖ్యం. పాఠకుడు లోపలికి రావాలంటే ప్రమాణం చేయాలి: పుస్తకం బయటికి తీసుకెళ్లను, పాడుచేయను, లోపలికి నిప్పు తేను, వెలిగించను. ఎంత పెద్దవాడికైనా పుస్తకం ఇంటికివ్వకూడదు.

ఎంత పెద్దవాడికి? 1645లో అంతర్యుద్ధం నడుస్తోంది. ఒకటవ చార్లెస్ రాజు ఆక్స్‌ఫర్డ్‌నే రాజధాని చేసుకుని ఉన్నాడు. దోబిన్యే అనే ఫ్రెంచ్ రచయిత రాసిన చరిత్ర పుస్తకం ఒకటి కావాలని గ్రంథాలయానికి కబురు పంపాడు. లైబ్రేరియన్ జాన్ రౌస్ పుస్తకం పంపలేదు. నియమావళి పట్టుకెళ్లి రాజుకే చూపించాడు. రాజు చదివి, నియమం నియమమేనని ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1654లో, ఆ రాజు తల తీయించిన క్రామ్‌వెల్ కూడా ఒక చేతిరాత ప్రతి అరువు అడిగాడు. ఆయనకూ అదే జవాబు. ఆయనా ఒప్పుకున్నాడు. రెండు పక్షాలూ తలవంచిన చోటు అది. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు రౌస్ చేతిలోని ఆ కాగితాలే కళ్లకు కడతాయి.

అదే సమయంలో తలుపు ఎవరికి మూసి ఉందో కూడా రాసుకోండి. మొదట్లో చదువు పూర్తికాని విద్యార్థులకు ప్రవేశం లేదు. డిగ్రీ ఉన్నవాళ్లకు, అనుమతి తెచ్చుకున్న బయటి పండితులకు, విదేశీయులకు ఉంది. స్త్రీలకు యూనివర్సిటీలోనే చోటు లేదు.

చదవలేని పుస్తకాల గురించి అడగండి

1604లోనే బోడ్లియన్‌కు చైనా పుస్తకాలు వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో వాటిని చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. అయినా బోడ్లీ తీసుకున్నాడు. నాకు అర్థం కాలేదు కాబట్టి అక్కర్లేదు అనకుండా, ఎప్పుడో ఒకరోజు చదివేవాడు వస్తాడని దాచడం ఎంత నమ్మకం!

ఆ మనిషి రావడానికి 83 ఏళ్లు పట్టింది. 1687లో నాన్‌జింగ్‌కు చెందిన షెన్ ఫుజోంగ్, ఒక జెస్యూట్ మతగురువు వెంట యూరప్ వచ్చి, ఆక్స్‌ఫర్డ్‌లో అడుగుపెట్టాడు. థామస్ హైడ్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో చైనా పుస్తకం తీసి ఇదేమిటి, అదేమిటి అని అడిగి రాసుకున్నాడు. ఇద్దరికీ మధ్య భాష లాటిన్. మీరు ఏ గ్రంథాలయం చరిత్ర చదివినా ఇలాంటి మూల ఒకటి ఉంటుంది. దాన్ని వెతకండి, ఎందుకంటే కేటలాగులు అక్కడ మౌనంగా ఉంటాయి.

పక్కన ఇంకొకటి పెట్టి చూడండి

బోడ్లియన్ కొంత తెలిశాక లైడెన్ తీసుకోండి. యూనివర్సిటీ 1575లో పుట్టింది, గ్రంథాలయం 1587లో తెరుచుకుంది. 1595లోనే కేటలాగ్ అచ్చయింది, అంటే ఆక్స్‌ఫర్డ్ కంటే పదేళ్లు ముందు. 1610లో వేసిన ప్రసిద్ధ చిత్రం ఒకటి ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. పెద్దది చేసి చూడండి. పాఠకులు నిలబడి చదువుతున్నారు, గొలుసులు కనిపిస్తాయి, అలమరాల మీద విషయాల పేర్లు, ముందువైపు భూగోళాలు, కుక్కలు కూడా ఉన్నాయి. కుడివైపు ఉన్న బీరువా ముందటేడాది చనిపోయిన పండితుడు స్కాలిజర్ ఇచ్చిన పుస్తకాలది. బోడ్లియన్‌లో కూర్చునే బెంచీలు ఎందుకున్నాయి, ఇక్కడ ఎందుకు లేవు అని ఒక ప్రశ్న వేసుకుంటే మరో వారం గడిచిపోతుంది.

చివరగా ఒక్క పుస్తకం వెంట నడవండి

ఇప్పుడు నేర్చుకున్నదంతా ఒకే పుస్తకం మీద పెట్టండి. నేను నడిచిన పుస్తకం పైన చెప్పిన షేక్‌స్పియర్ సంపుటమే.

బోడ్లీకి నాటకాలంటే గిట్టేది కాదు. పంచాంగాలు, నాటకాలు లాంటి చిల్లర సరుకు గ్రంథాలయంలో ఉంటే పరువు పోతుందని, నలభైలో ఒక్కటి దాచదగ్గది ఉంటే గొప్పని 1612లో జేమ్స్‌కు రాశాడు. అయితే ఆయన చేసుకున్న ఒప్పందమే ఆయన పోయాక నాటకాలను లోపలికి తెచ్చింది. ఆయన 1613లో చనిపోయాడు. 1623లో సంపుటం వెలువడింది, కుట్టని కాగితాలుగా ఆక్స్‌ఫర్డ్ వచ్చింది. 1624 ఫిబ్రవరిలో విలియం వైల్డ్‌గూస్ అనే బైండర్‌కు పంపారు. గొలుసు వేసి కళల అరలో పెట్టారు. 1635 అనుబంధ కేటలాగులో కనిపిస్తుంది.

1674 కేటలాగ్ తెరవండి. అది లేదు. అదే నాటకాల మూడో ముద్రణ, 1664ది, ఆ చోట ఉంది. కొత్తది వచ్చింది కదా, పాతది ఎందుకని మిగులు పుస్తకాలతో కలిపి అమ్మేశారు. రిచర్డ్ డేవిస్ అనే ఆక్స్‌ఫర్డ్ వ్యాపారి ఆ కట్ట మొత్తానికి 24 పౌండ్లు ఇచ్చాడు. ఆ రోజు వాళ్లు తప్పు చేశారని అనడానికి నాకు మనసు రాదు. అర నిండిపోయింది, కొత్త ముద్రణలో నాటకాలు ఎక్కువున్నాయి, ఎవరైనా అదే చేసేవాళ్లు.

1905లో ఒక విద్యార్థి తన ఇంట్లో ఉన్న పాత సంపుటం బైండింగ్ గురించి సలహా కోసం బోడ్లియన్‌కు తెచ్చాడు. అక్కడి సిబ్బంది బైండింగు లోపల అతికించిన పాత అచ్చు కాగితాల ముక్కలు చూశారు. అట్ట ముందు అంచున గొలుసు కొక్కెం ఊడదీసిన గుర్తు చూశారు. ఇది మన పుస్తకమే! అమెరికా నుంచి ఒకరు 3,000 పౌండ్లు ఇస్తామన్నారు. గ్రంథాలయం దగ్గర అంత డబ్బు లేదు. చందాలు వసూలు చేసి 1906లో అదే ధరకు తిరిగి కొన్నారు.

ఈ సంపుటం ప్రతి పేజీ ఫొటో ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. తెరిచి ముందు అట్ట అంచు చూడండి, కొక్కెం పడిన చోటు కనిపిస్తుంది. ఆ తర్వాత చరిత్ర నాటకాలు తిప్పేసి రోమియో జూలియట్ దగ్గర ఆగండి. చరిత్ర నాటకాల పేజీలు దాదాపు కొత్తవిలా ఉంటే, ఇక్కడి కాగితం అంచులు చేతులు, మోచేతులు ఆనించి ఆనించి అరిగిపోయాయి. పెద్దది చేసి చూస్తే ఆ చలిగదిలో గొలుసు పుస్తకం మీద వంగి, కిటికీ వెలుతురు పోకముందే ఆ పేజీ మళ్లీ ఒకసారి చదువుకున్న కుర్రాళ్ల జాడ అక్కడే ఉంటుంది.